నాలుగో నంబరు మిషన్

ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో కొన్ని వేల కాగితాల మీద సంతకం పెట్టి ఉంటాను. వాటిలో ఒక్క వాక్యం మాత్రం నాకు పొల్లుపోకుండా గుర్తుంది. ఇంగ్లీషులో రాశాను. తెలుగులో చెప్పాలంటే ఇంతే: "సమాచారం ఇవ్వకుండా పనికి రావడం మానేసింది." కింద నా సంతకం, రబ్బరు స్టాంపు. ఆ వాక్యం అబద్ధం. రాసేటప్పుడే నాకా సంగతి తెలుసు.

నాచారం పారిశ్రామికవాడలో నీళ్ళ మోటార్లు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో పర్సనల్ ఆఫీసరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఆ పనిని మీరంతా హెచ్చార్ అంటున్నారు. పేరు మారింది కానీ కుర్చీ అదే, ఫైళ్ళు అవే. ఆ కుర్చీలో కొత్తగా కూర్చుంటున్న పిల్లలకు నా గొప్పలు చెప్పవచ్చు. కొన్ని ఉన్నాయి కూడా. కానీ వాటి వల్ల మీకు ఒరిగేదేమీ లేదు. నేను పాడుచేసిన పని ఒకటి చెబుతాను.

కరోనా తగ్గి ఫ్యాక్టరీలు మళ్ళీ నిండుగా నడుస్తున్న రోజులవి. ఊళ్ళకు వెళ్ళిన పనివాళ్ళలో సగం మంది తిరిగి రాలేదు. గేటుకు "వైండర్లు కావలెను" అని అట్ట కట్టించి మూడు వారాలైనా ఒక్కరూ తొంగిచూడలేదు. వైండింగ్ అంటే సన్నటి రాగి తీగను లెక్క ప్రకారం చుట్టి, ఆ చుట్టలను మోటారు లోపలి గాడుల్లో అమర్చడం. మోటారుకు ప్రాణం అదే. చెయ్యి కుదరడానికి ఏళ్ళు పడుతుంది.

ఒక ఉదయం వాచ్‌మన్ నా గదికి వచ్చాడు.

"సార్, దుకాణాల పొంటి తిరుగుతరు గదా, గసోంటామె ఒకామె వచ్చింది. పది రూపాయలిచ్చి పంపియ్యనా?"

"ఇచ్చెయ్."

ఐదు నిమిషాలకు అదే నోటుతో తిరిగొచ్చాడు. "తీస్కుంటలేదు సార్. పని గావాల్నంట."

గేటు దగ్గరికి వెళ్ళాను. పసుపుపచ్చ పంజాబీ డ్రెస్సు, బిగించి వేసిన జడ, ముప్ఫై లోపు వయసు. ట్రాన్స్ మహిళ. ఆ మాట అప్పుడు నా నోటికి రాదు. వచ్చిన మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు.

"అట్ట మీద మీరే రాసిన్రు గదా సార్, వైండర్లు కావాలని," అంది. "నాకొస్తది."

"ఏడ నేర్చుకున్నవ్?"

"చిల్కానగర్ల మా మామకు రీవైండింగ్ షాపుండె. పదో తరగతి అయినంక ఐదేండ్లు గక్కడ్నే చేసిన. తర్వాత ఇంట్లకెళ్ళి ఎల్లగొట్టిన్రు. షాపుకెళ్ళి గూడ ఎల్లగొట్టిన్రు. చేతులకెళ్ళి పని మాత్రం పోలే సార్."

నేను ఆమెను లోపలికి పిలిచింది మంచితనంతో కాదు, మనుషులు దొరక్క. ఇది ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే ఆ తర్వాత చాలాకాలం, చాలామంది దగ్గర, మంచితనంతోనే పిలిచినట్టు చెప్పుకున్నాను.

వైండింగ్ సెక్షన్‌లో ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న ఒకావిడ ఉండేది. అందరూ అక్క అనేవారు. నాకంటే చిన్నదైనా నేనూ అక్కా అనే పిలిచేవాణ్ణి. కొత్తవాళ్ళకు పరీక్ష పెట్టేది ఆవిడే. కాలిపోయిన మోటారు ఒకటి ముందు పడేసింది. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టే సరికి ఆ మోటారు టెస్టు బల్ల మీద తిరుగుతోంది. ఈమె రెండు అరచేతులూ దాని ఒంటికి ఆనించి కళ్ళు మూసుకుంది.

"ఏం చూస్తున్నవే?" అంది అక్క.

"వణుకు. చుట్లు ఎక్కువ తక్కువైతే చెయ్యికి తెలుస్తది."

అక్క నా వైపు తిరిగింది. "సార్, ఈమెను పోనియ్యకున్రి."

ఫ్యాక్టరీ యజమానిని మేం పెద్దసార్ అనేవాళ్ళం. "మోటారు మంచిగ తిరిగితే నాకు చాలు, మిగతాది నువ్వు సూస్కో," అన్నాడాయన. నేను చూసుకున్నాను. ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి, ఇంకే పనివాళ్ళకూ పెట్టని షరతులు పెట్టాను.

"ఇక్కడ చప్పట్లు గిట్ల కొట్టొద్దు. దీవెనలు, వసూళ్ళు ఏం నడవయ్. నలుగురు పనోళ్ళు ఎట్లుంటరో గట్లనే ఉండాలె."

"మీరు చెప్పకున్నా కొట్టను సార్. గవన్ని బందు వెట్టుకోనీకే గదా ఈడికొచ్చింది," అంది. తలెత్తి నా కళ్ళలోకి చూసి చెప్పింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

ఆమెకు నాలుగో నంబరు మిషన్ ఇచ్చాం. చేసే పని వైండర్ పని. మెడలో వేసుకునే కార్డు మీద మాత్రం నేను "హెల్పర్" అని రాయించాను. రేపు పెద్దసార్ మనసు మారినా, ఎవరైనా పెద్ద కస్టమరు వచ్చి మొహం చిట్లించినా, హెల్పర్‌ని పంపించడం తేలిక. అదీ నా ముందుచూపు. కార్డు మీద పేరు కూడా ఆధార్‌లో ఉన్న పాత పేరే, మగ పేరు. ఆమె పెట్టుకున్న పేరు వేరే ఉంది. వారం తిరిగేసరికి వైండింగ్ సెక్షన్ అంతా ఆ పేరుతోనే పిలుస్తోంది. నేనొక్కణ్ణే ఏ పేరుతోనూ పిలవలేదు. "ఇదిగో" అనేవాణ్ణి. పదకొండు నెలలు ఒక మనిషిని "ఇదిగో" అని పిలుస్తూ నెట్టుకురావడం ఎంత సులభమో మీకు చెబితే ఆశ్చర్యపోతారు.

బాత్రూం సంగతీ అంతే. ఆడవాళ్ళు అభ్యంతరం చెబుతారని నేనే ముందుగా ఊహించుకుని, స్టోర్సు వెనక వాచ్‌మన్ వాడే గది చూపించాను. అది గేటు పక్కన, సెక్షన్ నుంచి ఐదు నిమిషాల నడక. నెల తర్వాత అక్క నా బల్ల ముందు నిలబడింది.

"ఆ పిల్ల పొద్దుగాల్నుంచి నీళ్ళు తాగుతలేదు, మీకెరుకేనా? గంత దూరం పోవాల్నని. ఎందుకు సార్? మా దాంట్లకే వస్తది."

"మీవాళ్ళు ఏమన్నా అంటరేమోనని అక్కా..."

"ఎవరన్నరు? పేరు చెప్పున్రి."

ఎవరూ అనలేదు. చెప్పడానికి నా దగ్గర ఒక్క పేరూ లేదు. ఆ మధ్యాహ్నం నుంచి ఆమె ఆడవాళ్ళ బాత్రూంకే వెళ్ళింది. ఫ్యాక్టరీ కూలిపోలేదు.

ఆమె ఉన్నన్నాళ్ళూ భోజనాల వేళ ఆ సెక్షన్ నుంచి నవ్వులు నా గది దాకా వినిపించేవి. ఒకసారి ఎవరో అడుగుతున్నారు: "చెల్లె, మా ఇంట్ల మిక్సీ గుర్రుమంటున్నది, జర సూస్తవా?"

"తీస్కరా అక్కా. పన్ల పని, నీ మొగన్ని గూడ తీస్కరా. రాత్రంత గుర్రుమంటుండు అన్నవ్ గదా మొన్న, ఇద్దర్ని ఒక్కసారే రీవైండింగ్ చేసిస్త."

నాకూ నవ్వొచ్చింది. గది తలుపు దగ్గరగా వేసుకుని నవ్వాను.

ఆరు నెలల ట్రయల్ పూర్తయ్యాక ఆమె వచ్చి అడిగింది. "సార్, కార్డు మీద వైండర్ అని ఎప్పుడొస్తది?" నెల ఆగి మళ్ళీ అడిగింది. ఆ మాట కార్డు మీదికి వస్తే రేపు ఇంకే ఫ్యాక్టరీ గేటు దగ్గరైనా పనిమంతురాలిగా నిలబడగలదు. హెల్పర్ అని ఉన్నంతకాలం, నేను దయతలచి ఉంచిన మనిషి. ఆ తేడా నాకంటే ఆమెకు బాగా తెలుసు. "దసరా అయినంక చూద్దాం," అన్నాను. దసరాకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి చెప్పాను.

మా ఫ్యాక్టరీలో ఆయుధపూజకు ఒక పద్ధతి ఉండేది. ఎవరి మిషన్‌కు వాళ్ళే పూజ చెయ్యాలి. పెద్దసార్ కూడా వేరేవాళ్ళ మిషన్‌కు బొట్టు పెట్టడు. ముందురోజే కడిగి, తుడిచి, మిషన్ మీద సుద్దముక్కతో తమ పేరు రాసుకుంటారు. పొద్దున పసుపు, కుంకుమ, పూలదండ, ఒక కొబ్బరికాయ. ఆ ఏడు నాలుగో నంబరు మీద ఆమె పేరు ఉంది, ఆమె పెట్టుకున్న పేరు, గుండ్రటి అక్షరాలతో. కొత్త చీర కట్టుకుని, బంతిపూల దండ తనే గుచ్చి తెచ్చింది. అక్క ఆమె కొంగు సర్దుతోంది. "మొదటి పూజ, దండం మంచిగ వెట్టుకో," అంటోంది.

ఆ రోజే కోయంబత్తూరు నుంచి తెచ్చిన కొత్త ఆటోమేటిక్ మిషన్ ప్రారంభం. పెద్దసార్‌కు ఒక నమ్మకం ఉంది. కొత్త మిషన్ వచ్చినప్పుడు హిజ్రాలు వచ్చి దిష్టి తీసి దీవిస్తే తప్ప స్విచ్ వెయ్యడు. ఏటా ఉప్పల్ వైపు నుంచి వచ్చే బృందం ఆ రోజు ఎంతకీ రాలేదు. పంతులుగారు గడియారం చూసుకుంటున్నారు. "ముహూర్తం దాటుతున్నది, ఏం జేద్దామయ్యా?" అన్నాడు పెద్దసార్.

నేనన్నాను: "బయటోళ్ళు ఎందుకు సార్? మన దగ్గరనే ఉన్నది గదా."

పెద్దసార్ అడగలేదు. నేనే అన్నాను. అన్నాక లోలోపల మురిసిపోయాను కూడా. ఆమెకు పదిమందిలో గౌరవం ఇప్పిస్తున్నానని నిజంగానే అనుకున్నాను. నాలుగో నంబరు దగ్గరికి వెళ్ళి చెప్పాను. "ఇదిగో, కొత్త మిషన్‌కు జర దిష్టి తీసి దీవించు. పెద్దసార్ పిలుస్తున్నరు."

ఆమె చేతిలో దండ అలాగే ఉంది. నన్ను చాలాసేపు చూసింది.

"నేనా సార్?"

"నువ్వే. మంచిపనే గదా."

దండను మిషన్ పక్కన స్టూలు మీద పెట్టింది. కొంగు నడుముకు దోపుకుంది. కొత్త మిషన్ ముందుకు వెళ్ళి నిలబడి చప్పట్లు కొట్టింది. షెడ్డు మొత్తం మోగింది. పదకొండు నెలలు మోటార్ల వణుకు చూసిన చేతులవి. గుమ్మడికాయ తిప్పింది, దీవెన చదివింది, ఎక్కడా తడబడలేదు. పెద్దసార్ నోటు చాపితే తీసుకుని కళ్ళకద్దుకుంది.

అంతటితో ఆగలేదు. లేతు మిషన్ పనివాడు ఒకతను ముందుకొచ్చి తల వంచాడు. "మా పిలగానికి నౌకరి రావాల్నని దీవించు తల్లీ." వాడి వెనక ఇంకొకడు. తర్వాత మిక్సీ బాగుచేయించుకున్న ఆవిడే వచ్చి కాళ్ళకు మొక్కింది. నిన్నటి దాకా ఒకే డబ్బాలో చెయ్యి పెట్టి తిన్నవాళ్ళు వరసగా నిలబడ్డారు. ఆమె ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెడుతోంది. వరసలో నిలబడనిది అక్క ఒక్కతే. నాలుగో నంబరు దగ్గర నుంచి కదలకుండా, ఆమెను కాదు, నన్ను చూస్తోంది.

స్వీట్లు పంచే హడావుడిలో ఆమె ఎప్పుడు వెళ్ళిపోయిందో ఎవరూ గమనించలేదు. నాలుగో నంబరు మీద హెల్పర్ కార్డు, దాని కింద పెద్దసార్ ఇచ్చిన నోటు. మిషన్‌కు బొట్టు లేదు. దండ స్టూలు మీదే ఉంది. అది అక్క కూడా వెయ్యలేదు. ఎవరి మిషన్‌కు వాళ్ళే కదా.

సెలవుల తర్వాత అక్క అడిగింది. "ఫోన్ చేసిన్రా సార్?"

"చేసిన అక్కా. స్విచ్ఛాఫ్ వస్తున్నది." నేను ఫోన్ చెయ్యలేదు. పది రోజులు చూసి, ముందు చెప్పిన ఆ వాక్యం రాసి ఫైలు మూసేశాను.

కొన్ని నెలలకు, స్కూటర్ మీద ఇంటికి వెళ్తుంటే ఉప్పల్ రింగురోడ్డు సిగ్నల్ దగ్గర కనిపించింది. రెండు కార్ల అవతల అద్దాలు తడుతూ వస్తోంది. నేను హెల్మెట్ అద్దం కిందికి దించుకున్నాను. నా రిటైర్మెంటు సభలో నలుగురూ నన్ను మానవతావాది అన్నారు. శాలువా కప్పారు. ఆ శాలువా కింద మనసంతా ఆ సిగ్నల్ దగ్గరే ఉంది.

రిటైరైన రెండో ఏడు మా ఇంట్లో సంపు మోటారు కాలిపోయింది. కాలనీ ఎలక్ట్రీషియన్ విప్పి చూసి, "చిల్కానగర్ల ఒకామె ఉంది సార్, ఏం చెయ్యి సార్ ఆమెది! తీస్కపోదాం పట్టున్రి," అన్నాడు. ఆ మాట వినగానే నాకు అర్థమైంది. ఆటోలో సగం దారిలో వెనక్కి వెళ్దామని కూడా అనిపించింది. మోటారు నా కాళ్ళ మధ్యనే ఉంది, దిగి పారిపోయే వీల్లేదు.

చిన్న షట్టరు. చూపు మందగించిన ముసలాయన గల్లా దగ్గర కూర్చున్నాడు. ఆమెను ఒకప్పుడు వెళ్ళగొట్టిన మామేనట, చూపు తగ్గాక తనే మళ్ళీ పిలిచాడట. వెనక ఆమె, చేత్తో తిప్పే చిన్న మిషన్ మీద తీగ చుడుతోంది. ఎలక్ట్రీషియన్ మోటారు దింపేసి వెళ్ళిపోయాడు. నేను నిలబడి, ఆటోలో కూడబలుక్కున్నది చెప్పడం మొదలుపెట్టాను.

"ఆ రోజు నాది తప్పయింది. నేను..."

"జరాగున్రి సార్. చుట్లు లెక్కవెడుతున్న."

ఆగాను. ఆమె పెదవులు కదులుతున్నాయి. నా క్షమాపణ కంటే ఆ లెక్క ముఖ్యం. నిజంగానే ముఖ్యం. అది పూర్తయి, తీగ తెంపి, చుట్టకు దారం కట్టి, అప్పుడు తలెత్తింది.

"కూసోన్రి. షుగరున్నదా? చాయ్ చక్కెర లేకుంట చెప్పాల్నా?"

చాయ్ వచ్చాక మళ్ళీ మొదలుపెట్టాను. కొత్త మిషన్, సిగ్నల్, హెల్మెట్ అన్నీ చెప్పాను. సిగ్నల్ మాట రాగానే నవ్వింది. "నేను సూసిన సార్. మీ స్కూటర్ నంబరు నాకెరుకే గదా."

నేను గ్లాసు కింద పెట్టేశాను.

"గా రోజు మీరు తిట్టినా బాధపడకపోతుంటి," అంది. "దండ చేతిలున్నప్పుడు పిలిచిన్రు. ఇంకో పది నిమిషాలైతే నా మిషన్‌కు బొట్టు వెడుతుంటి. వద్దని అనాల్నంటే నోరు రాలే. పదకొండు నెలలు మీకు వద్దనకుండ ఉంటనే గదా నౌకరి నిలవెట్టుకున్న."

"ఇప్పుడు నేనేం చెయ్యాలె, చెప్పు."

"మాఫీలు గిట్ల ఏమొద్దు. కాయిదం ఇప్పియ్యున్రి." అన్నోజిగూడ దాటాక మోటార్ల ఫ్యాక్టరీ ఒకటి కొత్తగా పెట్టారట. చేతిపని చూసి ఒప్పుకున్నారు, కానీ ఇంతకుముందు వైండర్‌గా చేసినట్టు ఉత్తరం కావాలన్నారట. వచ్చే సోమవారం ఆఖరు. "హెల్పర్ అని కాదు సార్. చేసింది ఏందో గదే రాయాలె. పేరు గూడ. ఆధార్ల మార్పిచ్చుకున్న ఇప్పుడు."

మర్నాడే ఫ్యాక్టరీకి వెళ్ళాను. నా కుర్చీలో మీ వయసు అమ్మాయి ఉంది. మర్యాదగా ఫైలు తీసింది, చదివింది, ఇబ్బందిగా నా వైపు తిప్పింది. "సార్, ఇందులో హెల్పర్ అని ఉంది. చెప్పకుండా మానేసిందని ఉంది. సంతకం మీదే."

"రెండూ అబద్ధమేనమ్మా. కాగితం ఇవ్వు."

అక్కడే కూర్చుని రాశాను. చేయించుకున్నది వైండర్ పని అని, హెల్పర్ అని రాయించింది నేనేనని, ఆయుధపూజ రోజు ఏం జరిగిందో, ఫోన్ చేశానని చెప్పింది అబద్ధమని. రెండు పేజీలయింది. ఇంతలో సంగతి తెలిసి అక్క స్టోర్సులోంచి పాత చీటీల కట్ట తెచ్చింది. ప్రతి మోటారుకూ చుట్టినవాళ్ళ మిషన్ నంబరుతో ఒక చీటీ కట్టి, దాని నకలు స్టోర్సులో ఉంచుతాం. నాలుగో నంబరు చీటీలన్నీ విడిగా దారం కట్టి దాచింది. "ఎప్పుడన్న ఒకనాడు మీరు అడుగుతరని పెట్టిన సార్. శానా లేటు జేసిన్రు."

పెద్దసార్ రెండు పేజీలూ చదివి కళ్ళజోడు తీశాడు. "గా రోజు నేను బలవంతం జేసిన్నా? నువ్వే గదయ్యా పిలిచినవ్."

"అవును సార్. గదే రాసిన."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ కుర్చీలోని అమ్మాయి టైపు చేసి తెచ్చిన వైండర్ ఉత్తరం మీద సంతకం పెట్టాడు. "ఆ మిషన్ మీద మళ్ళ గసోంటి మోటార్లు రాలే," అన్నాడు, నాతో కాదు, కిటికీతో.

సోమవారానికి ముందే చిల్కానగర్ వెళ్ళాను. ఆమె చేతులు తుడుచుకుని ఉత్తరం అందుకుంది. వేలు పెట్టుకుంటూ చదివింది. తన పేరు దగ్గర ఒకసారి, వైండర్ అన్న మాట దగ్గర ఒకసారి వేలు ఆగింది. మడిచి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, షెల్ఫులో దేవుడి పటం వెనక కాదు, రాగి తీగ ఉండలు ఉన్న అరలో పెట్టింది. అది తాళం వేసే అర.

మా మోటారు బల్ల మీద సిద్ధంగా ఉంది. స్విచ్ వేసింది. "చెయ్యి వెట్టి సూడున్రి సార్."

ఆనించాను. వెచ్చగా, నిశ్చలంగా తిరుగుతోంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు మోటార్ల ఫ్యాక్టరీలో పనిచేశాను, ఒక్క మోటారు మీద చెయ్యి పెట్టి చూసింది లేదు.

"వణుకున్నదా?"

"లేదు బిడ్డా. ఏం లేదు."

ఒక అట్టముక్క, పెన్ను నా ముందు పెట్టింది. "చుట్టింది ఎవరో రాయున్రి. ఈ షాపుల గూడ గదే పద్ధతి పెట్టిన."

రాశాను. ఆమె పెట్టుకున్న పేరే. ఆమె అట్ట అందుకుని, దూరంగా పెట్టి చూసి, దారంతో మోటారుకు కట్టింది.

"అక్షరాలు మంచిగున్నయ్ సార్. గప్పుడే రాస్తే ఏం పోతుండె?"

పెన్నుకు మూత పెట్టి ఆమె చేతికిచ్చాను.

నెల తర్వాత ఎలక్ట్రీషియన్ గొణుక్కుంటూ వచ్చాడు. చిల్కానగర్ ఆమె ఫ్యాక్టరీలో చేరిపోయిందట, ఇక మంచి చెయ్యి ఎక్కడ దొరుకుతుందని. నేను పైకి సానుభూతి చూపించాను.

మోటారు నడుస్తోంది. ఆ అట్ట ఇంకా దానికే ఉంది. మొదటి వాన పడిన రోజు సిరా కారిపోతుందని గొడుగు వేసుకుని వెళ్ళి దానికి ప్లాస్టిక్ కవరు చుట్టి వచ్చాను. మా ఆవిడ కిటికీలోంచి చూసి, "మోటారుకు గదా కప్పాలె, అట్టకు కప్పుతవేంది?" అంది.